బెలూన్ల తుపాకీలో విరిగిన కడ్డీ

అక్టోబరు 4, శనివారం, దేవరకద్ర

ఈ ఏడాది దసరా, గాంధీ జయంతి ఒకే రోజున వచ్చాయి. ఆయుధ పూజ చేసి, లేత్ మిషనుకు బొట్టు పెట్టి మూసిన షెడ్డును ఈ రోజే తెరిచాను. నేను వచ్చేసరికే బెలూన్ల అక్క గడప మీద కూర్చుని ఉంది. ఒళ్లో గోనెసంచి, సంచిలో ఎయిర్ గన్. కురుమూర్తి, మన్యంకొండ, చెరువుగట్టు, ఇలా ఏ జాతరలో చూసినా ఈమె బెలూన్ల బోర్డు ఉంటుంది. రెండు తుపాకులతో నడిచే దుకాణం. అందులో ఒకటి మొన్న ఎవరో కుర్రాడి చేతిలో కటుక్కుమంది.

“దీపావళి దాటగానే కురుమూర్తి మొదలవుతుంది తమ్ముడూ. ఒక్క తుపాకీతో నెగ్గుకురాలేను” అంది. లేచి వెళ్తూ, “విరిగింది మాత్రం బాగు చెయ్యి. గురి ముట్టకు” అంది. అప్పుడు నాకు అర్థం కాలేదు.

విరిగింది ఏమిటో చూశాను. ఈ రకం తుపాకీలో గొట్టాన్ని కిందికి మడుస్తారు. మడిచినప్పుడు గొట్టం అడుగున ఉన్న ఇనుప కడ్డీ ఒకటి పిస్టన్‌ను వెనక్కి తోస్తుంది. స్ప్రింగు ముడుచుకుంటుంది. ట్రిగ్గర్ కొక్కెం ‘టక్’మని పిస్టన్‌ను పట్టుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కితే పిస్టన్ ముందుకు దూకి, తన ముందున్న గాలిని చిన్న రంధ్రం గుండా గుండు వెనక వైపు తగిలేలా తోస్తుంది. మందూ లేదు, తూటా లేదు. సైకిల్ పంపు చేసే పనినే ఒక్క దెబ్బలో చేస్తుంది, అంతే. విరిగింది ఆ తోసే కడ్డీ. పిస్టన్ గాడిలో కూర్చునే మడమ దగ్గర రెండు ముక్కలైంది.

విరుగును భూతద్దం కింద పెట్టి చూశాను. మూడొంతులు నల్లగా, పాత తుప్పుతో ఉంది. ఒక వంతు మాత్రం తళతళలాడుతోంది. అంటే పగులు ఎప్పుడో పుట్టింది, మెల్లగా పాకింది, మిగిలిన కాస్త ఇనుము మొన్న తెగింది. పాపం ఆ కుర్రాడి తప్పేమీ లేదు. అక్క అతని దగ్గర వసూలు చేసిన డబ్బు తిరిగి ఇవ్వమని చెప్పాలి. చెప్పినా ఇవ్వదు.

అక్టోబరు 5, ఆదివారం

విప్పడం. చదివేవారిలో ఎవరైనా ఇంట్లో ఎయిర్ గన్ విప్పాలనుకుంటే ఈ ఒక్క పేరా రెండుసార్లు చదవండి. లోపలి స్ప్రింగు తుపాకీ ఎక్కుపెట్టనప్పుడు కూడా ఎంతో కొంత నొక్కుకునే ఉంటుంది. వెనక బిరడా పిన్ను ఊడగొడితే ఆ బిరడా నేరుగా ముఖం మీదికి వస్తుంది. నేను తుపాకీ బాడీని లేత్ మీద పడుకోబెట్టి, బిరడా వెనక లేత్ చివరి కదిలే దిమ్మను, అంటే టెయిల్ స్టాక్‌ను ఆనించి, పిన్ను తీశాక చక్రాన్ని వెనక్కి తిప్పుతూ వచ్చాను. దాదాపు రెండు అంగుళాలు వచ్చాక గానీ స్ప్రింగు నీరసించలేదు.

లోపల చూస్తే వంటింటి పొగగొట్టంలా ఉంది. పిస్టన్ మూతికి ఉండే తోలు గిన్నె అంచులు మాడి, గట్టిపడి, వేలు తగిలితే పొడిగా రాలుతున్నాయి. అక్కకు ఫోను చేస్తే, “నెలకోసారి రంధ్రంలో ఇంజన్ ఆయిల్ పోస్తాను. పోసిన రోజున భలే పేలుతుంది” అంది. పేలక ఏం చేస్తుంది? గాలి ఒక్కసారిగా నలిగితే వేడెక్కుతుంది. ఆ వేడికి నూనె ఆవిరి అంటుకుంటుంది. డీజిల్ ఇంజన్ నడిచేది ఈ సూత్రం మీదే. కాకపోతే ఇంజన్‌ను ఆ పేలుడు తట్టుకునేలా కడతారు. ఇక్కడ దాన్ని తట్టుకోవలసింది ఒక తోలు ముక్క.

స్ప్రింగు వెనక రెండు వాషర్లు కూడా దొరికాయి. ఒక్కొక్కటి ఒకటిన్నర మిల్లీమీటరు. పాతవాళ్లు పెట్టినవి కదా అని కడిగి పక్కన పెట్టాను. ఈ వాక్యం గుర్తుంచుకోండి.

అక్టోబరు 7, మంగళవారం

వెల్డింగ్. రెండు ముక్కల అంచులను వి ఆకారంలో అరగదీసి, ఎలక్ట్రోడుతో అతికి, ఆకురాయితో చదును చేశాను. చూడడానికి కొత్తదానిలా ఉంది. పాత తోలుతోనే, వాషర్లు మళ్లీ యథాస్థానంలో పెట్టి బిగించాను.

మా అమ్మాయి ఇంటర్ రెండో ఏడాది, ఎంపీసీ. తుపాకీ బలం ఎంతో కొలవాలంటే బాలిస్టిక్ లోలకం కడదాం నాన్నా అంది. ఒక డబ్బాలో వినాయక చవితినాటి బంకమట్టి కూరి, సరిగ్గా అర కిలో తూచి, మీటరు పొడవు తాళ్లతో దూలానికి వేలాడదీసింది. దాని పక్కన స్కేలు. సీసపు గుండు బరువు అర గ్రాము. గుండు మట్టిలో దిగబడితే డబ్బా ఎంత ఊగిందో చూసి, ద్రవ్యవేగ నిత్యత్వ నియమంతో గుండు వేగం కట్టవచ్చు. డబ్బా 30 మిల్లీమీటర్లు ఊగింది. అమ్మాయి లెక్క ప్రకారం సెకనుకు 94 మీటర్లు. “తోలు పోయిన తుపాకీకి ఇది ఎక్కువే” అన్నాను. “ఎక్కువా తక్కువా అన్నది పోల్చి చూశాక చెప్పాలి” అంది. నోరు మూసుకున్నాను.

నలభయ్యో గుండుకు మళ్లీ విరిగింది. వెల్డింగ్ పడిన చోట కాదు, దాని పక్కన నూలువాసి దూరంలో. వెల్డింగ్ వేడికి పక్కనున్న ఉక్కు గుణం మారి పెళుసుబారింది. నేను అప్పుడు గొట్టాన్ని గట్టిగా గుంజుతున్నాను. అది చేతిలోంచి జారి బొటనవేలు వాచింది. వెల్డింగ్‌ను తిట్టుకున్నాను. ఎందుకు అంత గట్టిగా గుంజవలసి వచ్చిందని మాత్రం నన్ను నేను అడగలేదు.

అక్టోబరు 9, గురువారం

పని జరగలేదు. తుపాకీ బాగు చేస్తున్నానన్న మాట ఊళ్లో పాకినట్టుంది. బ్యాంకు గార్డుగా చేసి దిగిపోయిన కాకా ఒకాయన వచ్చాడు. ఆయన దగ్గర లైసెన్సు ఉన్న పన్నెండు బోరు పంపు తుపాకీ ఉంది. ముందు పిడి వెనక్కి లాగితే కాలిన తూటా బయటికి దూకడం, ముందుకు తోస్తే గొట్టం కింది వరుసలోంచి కొత్తది లోపలికి ఎక్కడం దాని పద్ధతి. ఆ పిడికీ వెనకనున్న బోల్టుకూ మధ్య ఉండే కడ్డీ పగిలిందట. “నువ్వు చేస్తున్నదీ కడ్డీయేగా, రెండూ ఒకేసారి చేసిపెట్టు” అన్నాడు.

పోలిక నిజమే. రెండింటిలోనూ చేతి బలాన్ని లోపలికి చేరవేసే కడ్డీయే విరిగింది. చట్టానికి మాత్రం రెండూ ఒకటి కాదు. మన ఎయిర్ గన్ బోరు 4.5 మిల్లీమీటర్లు, శక్తి 20 జూళ్లకు చాలా దిగువన. ఆ హద్దులోపల ఉన్నదానికి 2016 ఆయుధ నియమాల కింద లైసెన్సు అక్కర్లేదు. పంపు తుపాకీ మందుగుండు ఆయుధం. దాని యజమానికి లైసెన్సు ఉన్నంత మాత్రాన సరిపోదు, మరమ్మతు చేసేవాడికీ వేరే లైసెన్సు ఉండాలి. 1959 ఆయుధాల చట్టం అయిదో సెక్షన్ ఆ సంగతి విడిగా చెబుతుంది. “మీ తుపాకీ నా బెంచి మీదికి వస్తే ఇద్దరం స్టేషన్ మెట్లు ఎక్కుతాం కాకా. లైసెన్సున్న దుకాణానికి తీసుకువెళ్లండి. కడ్డీ అతికించమనకండి, కొత్తది వేయించండి” అన్నాను. ఆయన నొచ్చుకున్నాడు గానీ టీ తాగే వెళ్లాడు. బోరు లెక్క కూడా ఆయనే చెప్పాడు: ఒక పౌను సీసాన్ని పన్నెండు సమాన గుండ్లు చేస్తే, ఒక్క గుండు వ్యాసమే పన్నెండు బోరు. ముప్ఫయి ఏళ్లు మోసినవాడు చెబితే ఏ మాటైనా వినబుద్ధేస్తుంది.

కొత్తది వేయించమని ఆయనకు చెప్పాక, అతికిన ముక్కనే మళ్లీ అతకడానికి నాకే సిగ్గేసింది.

అక్టోబరు 11, శనివారం

కొత్త కడ్డీకి ఉక్కు కావాలి. షెడ్డులో ఉన్న మామూలు ఇనుప పట్టీ పనికిరాదు. రెండు వందల గుళ్లకు మడమ అరిగిపోతుంది. రాయచూరు రోడ్డు మీద లారీలకు కమాను పట్టీలు వేసే షెడ్డు నుంచి ఒక విరిగిన పట్టీ ముక్క తెచ్చాను. ఊరికే ఇచ్చారు. ఆ ఉక్కు గట్టిది, రంపానికి లొంగదు. కొలిమిలో ఎర్రగా కాల్చి రాత్రంతా బూడిదలో పాతిపెట్టాను. మెల్లగా చల్లారితే మెత్తబడుతుంది.

అక్టోబరు 12, ఆదివారం

పొద్దున బూడిదలోంచి తీస్తే ఇంకా గోరువెచ్చగా ఉంది. ఆకురాయి చక్కగా పట్టింది. పాత ముక్కలు రెండూ పక్కపక్కన పెట్టి, రేకు మీద నమూనా గీసి, హాక్సాతో కోసి, ఎనిమిది మిల్లీమీటర్ల మందాన్ని ఆరుకు దించాను. పిన్ను రంధ్రం డ్రిల్ చేశాను. పాత కడ్డీ మడమ దగ్గర మూల చాకు అంచులా నిలువుగా ఉండేది. పగులు పుట్టింది ఆ మూలలోనే. ఈసారి గుండ్రటి ఆకురాయితో ఆ మూలను నున్నగా వంపు తిప్పాను. అరగదీయడానికే ఆరు గంటలు పట్టింది. నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైన ఆరు గంటలు అవే.

తరువాత చేసింది మూర్ఖపు పని. పదును పెట్టడానికి, అంటే ఉక్కును గట్టిపరచడానికి, మళ్లీ కాల్చాను. అయస్కాంతం అంటుకోని వేడి వచ్చాక, ఇంకాస్త వేడి చేసి నూనెలో ముంచాలి. నూనె డబ్బా ఇంటి దగ్గర మరచిపోయాను. చీకటి పడుతోంది. పక్కనే తొట్టిలో నీళ్లున్నాయి. కొడవళ్లకూ పారలకూ మా నాన్న నీళ్లతోనే పదును పెట్టేవాడు కదా అని ముంచేశాను. ‘టింగ్’ అని సన్నటి చప్పుడు. కమాను ఉక్కు నూనె కోసం పుట్టింది, నీళ్ల విసురుకు తట్టుకోదు.

పైకి ఏమీ కనిపించలేదు. కిరోసిన్ పూసి, తుడిచి, సుద్దపొడి అద్దాను. అయిదు నిమిషాలకు మడమ వంపు పక్కన సుద్ద మీద తడి గీత వెంట్రుకలా తేలింది. లోపలి పగులులో దాగిన కిరోసిన్ అది. ఆరు గంటల పని, ఒక్క ముంపు.

అక్టోబరు 14, మంగళవారం

రెండో కడ్డీ. చెయ్యి అలవాటుపడింది కాబట్టి నాలుగు గంటల్లో తయారైంది. ఈసారి నూనె ముందే తెచ్చి, కాస్త వేడి చేసి పెట్టాను. ముంచాక ఆకురాయి ఆనిస్తే గాజు మీద జారినట్టు జారింది, పదును ఎక్కినట్టే. అలాగే వదిలేస్తే పెళుసు. ఎమిరీ కాగితంతో ఒక ముఖం తళుక్కుమనేలా రుద్ది, ఇసుక పెనం మీద మెల్లగా వేడి చేశాను. మొదట గడ్డి రంగు, తరువాత గోధుమ, ఊదా, నెమలి కంఠం లాంటి నీలం. నీలం కూడా వెలిసి బూడిద రంగుకు తిరిగేదాకా ఆగాను. కడ్డీకి కావలసింది కత్తి గట్టితనం కాదు, కమాను ఓర్పు. సుద్ద పరీక్ష చేశాను, గీత లేదు.

అక్టోబరు 15, బుధవారం

స్ప్రింగు లేకుండా బిగించి మడిచి చూశాను. వెన్నలా కదిలింది, కొక్కెం టక్‌మంది. స్ప్రింగు, వాషర్లు వేసి మడిచాను. చివరిదాకా వచ్చి ఆగిపోయింది. టక్ లేదు. ఇంకాస్త గుంజుదామని చెయ్యి ఎత్తి, వాచిన బొటనవేలు చూసి ఆగాను.

స్ప్రింగు తీసి వెర్నియర్ పెట్టాను. తీగ మందం 3.2 మిల్లీమీటర్లు, చుట్లు 36. చుట్టుకు చుట్టు తాకేలా పూర్తిగా నలిగితే 115.2. వాషర్లు రెండూ కలిపి 3. మొత్తం 118.2. పిస్టన్ పూర్తిగా వెనక్కి వెళ్లినప్పుడు స్ప్రింగుకు మిగిలే చోటు కొలిస్తే 118.

కాగితం లెక్కలో కొక్కెం పడనే కూడదు. అయినా ఇన్నాళ్లూ పడింది. బలంగా గుంజితే వాషర్లూ పిన్నూ కడ్డీ తలా కొంచెం వంగి ఆ వెంట్రుకవాసి చోటు ఇచ్చేవి. జాతరకు వచ్చిన ప్రతివాడూ, స్ప్రింగు ఇక ముడవడానికి ఏమీ లేని చోట కూడా, ఇంకా ముడవమని గుంజాడు. ఆ గుంజుడంతా పడింది కడ్డీ మడమ మీద. ఎప్పుడో ఎవరో మరమ్మతుదారు ‘పవరు పెంచుతాను’ అని రెండు వాషర్లు ఇరికించి వెళ్లాడు. నేను వాటిని శ్రద్ధగా కడిగి మళ్లీ పెట్టాను. వెల్డింగ్‌కు క్షమాపణ చెప్పుకోవాలి.

వాషర్లు తీసి చెత్తబుట్టలో వేశాను. స్ప్రింగు చివర రెండు చుట్లు కోసి, తెగిన చుట్టును మాత్రం ఎర్రగా కాల్చి పక్క చుట్టుకు ఆనేలా అణచి, గ్రైండర్ మీద సమతలం చేశాను. ఇప్పుడు 34 చుట్లు, నలిగితే 108.8. తొమ్మిది మిల్లీమీటర్ల పైచిలుకు ఖాళీ. ఒంటి చేత్తో మడిస్తే టక్.

అక్టోబరు 16, గురువారం

తోలు. బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయన ఒక్కడే ఈ చుట్టుపక్కల పాత పద్ధతిలో ఊనిన గేదె తోలు వాడతాడు. ఆయన చుట్టాలది చిన్న వడ్డేమాన్. కురుమూర్తి స్వామి ఉద్దాలు తయారయ్యేది ఆ ఊళ్లోనే. దీపావళి అమావాస్య నుంచి అక్కడి దళిత కుటుంబాలు ఉపవాస నియమాలతో ఉండి ఆ పాదుకలు కుడతారు. “అమావాస్య దాటితే నా చెయ్యి నీకు దొరకదు, అక్కడికి పోతాను” అన్నాడు పెద్దాయన. దొరికిన రోజునే పట్టుకున్నాను.

లేత్ మీద గిన్నె ఆకారం అచ్చు ఒకటి తిప్పి పట్టుకెళ్లాను. ఆయన తోలును నీళ్లలో నానబెట్టి, అచ్చులో కూర్చోబెట్టి, నా చేత బోల్టు బిగింపించాడు. “మెల్లగా. తోలు బతిమాలితే వింటుంది” అన్నాడు. రెండు రోజులు అలాగే ఆరనివ్వాలి. ఆరాక ఏ నూనె పెట్టాలి అంటే, ఆముదం అన్నాడు. ఒకప్పుడు మా పాలమూరు చెలకల్లో ఎటు చూసినా ఆముదం పంటే, ఆయనకు వేరే నూనె తోచకపోవడంలో వింత లేదు. నాకు కొంచెం అనుమానం ఉండింది, చిక్కటి నూనె జిడ్డు కడుతుందని. కానీ తోలు విషయంలో ఆయన మాటే నెగ్గింది.

అక్టోబరు 18, శనివారం

తోలు గిన్నెను గోరువెచ్చటి ఆముదంలో అరగంట ఉంచి, గుడ్డతో గట్టిగా ఒత్తి తుడిచి పిస్టన్‌కు బిగించాను. గొట్టం వచ్చి బాడీకి ఆనే అతుకు దగ్గరి చిన్న వాషరూ మార్చాను. టెయిల్ స్టాక్ సాయంతోనే మూసేశాను. మొదటి నాలుగైదు గుళ్లకు పొగ, మాడిన వాసన, పెద్ద చప్పుడు. మిగిలిన ఆముదం కాలింది. తరువాత చప్పుడు సర్దుకుంది. ఆ అతుకు దగ్గర పలచటి కాగితం పెట్టి కాల్చితే కాగితం కదలలేదు, గాలి ఎక్కడా కారడం లేదు.

లోలకం: 48 మిల్లీమీటర్లు. అమ్మాయి లెక్క సెకనుకు 150 మీటర్లు, అయిదున్నర జూళ్లు. స్ప్రింగు రెండు చుట్లు తగ్గింది, వాషర్లు పోయాయి, వేగం మాత్రం ఒకటిన్నర రెట్లు పైనే పెరిగింది. అంటే ఇన్నాళ్లూ స్ప్రింగు బలం మాడిన తోలు పక్కల నుంచి గాలిగా పోయింది. “ఇప్పుడు చెప్పు నాన్నా, ఎక్కువా తక్కువా?” అంది.

రెండు వందల గుళ్లు కాల్చాను. కడ్డీ తీసి మళ్లీ సుద్ద పెట్టాను. శుభ్రం.

అంతా అయ్యాక చూస్తే ముందు గురిముల్లు ఎడమకు ఒరిగి ఉంది. ఇంత పని చేసి వంకర ముల్లుతో పంపడమా? గొట్టాన్ని బెంచి వైస్‌లో పెట్టి, ఇత్తడి కడ్డీతో రెండు దెబ్బలు కొట్టి నిటారుగా నిలిపాను.

అప్పగించేటప్పుడు అక్కకు మూడు మాటలు చెప్పాను: ఇంజన్ ఆయిల్ పొయ్యవద్దు, గుండు లేకుండా కాల్చవద్దు, గుండు పెట్టేటప్పుడు గొట్టాన్ని రెండో చేత్తో పట్టుకునే ఉండాలి. ఆ చివరిది మరచిపోతే కొక్కెం జారిన రోజున గొట్టం వేళ్ల మీద మూసుకుంటుంది. తల ఊపింది. గురి సంగతి నేను చెప్పలేదు.

అక్టోబరు 24, శుక్రవారం

పొద్దున్నే అక్క ఫోను. “ఏం చేశావు తమ్ముడూ? ఒక్కొక్కడు పదికి పది కొడుతున్నాడు. బెలూన్లు ఊది ఊది నా దవడలు పడిపోయాయి.”

అక్టోబరు 30, గురువారం

ఉద్దాల ఊరేగింపు రద్దీ తగ్గాక అమ్మాయిని తీసుకుని కురుమూర్తికి వెళ్లాను. కొండ మెట్లు ఎక్కి దిగి, ఉద్దాలు నెత్తిన పెట్టించుకుని, అక్క దుకాణం వెతికాం. నేను బాగు చేసిన తుపాకీ ముందు కుర్రాళ్ల వరుస ఉంది. మడిచిన ప్రతిసారీ టక్‌మని నెమ్మదిగా పడుతోంది, ఎవరూ గుంజడం లేదు. నిలబడి ఒక ఇరవై టక్‌లు విన్నాను.

యాభై రూపాయలకు పది గుళ్లు. డబ్బిచ్చి తుపాకీ అందుకున్నాను. నాలుగు బెలూన్లు పగిలాయి. అమ్మాయికి మూడు. గొట్టం చివర చూస్తే గురిముల్లు మళ్లీ ఎడమకు ఒరిగి ఉంది, దాని మీద రాతి దెబ్బ గీత కొత్తగా మెరుస్తోంది.

“ఆ ఒక్కటీ నేనే బాగు చేసుకున్నాను” అంది అక్క, యాభై నోటు రవికలో దోపుకుంటూ. రెండో తుపాకీ కూడా వదులుగా మడతపడుతోందట, జాతర ముగిశాక తెస్తానంది.